బండి దొరికింది, బస దొరకలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కేరవాన్ యాత్రల మీద, అంటే పడకా వంటా బండిలోనే పెట్టుకుని తిరిగే యాత్రల మీద, వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. బండి పక్కన మడత కుర్చీలు, చేతుల్లో టీ కప్పులు, వెనకాల మంచు కప్పిన కొండ, ఒక్కరి ముఖంలోనూ టెన్షన్ లేదు. అచ్చం అలాంటి ఫొటోలు చూసే మేం ఐదుగురం మిత్రులం రిపబ్లిక్ డే సెలవుకి ముందూ వెనకా కలుపుకుని ఐదు రోజులు బెంగళూరు నుంచి ఊటీ, కోయంబత్తూరు, హొగెనకల్ చుట్టి వచ్చాం, అందుకే అడుగుతున్నాను. ఆ కుర్చీలు వేసుకున్న స్థలం ఎవరిది? రాత్రికి బండి ఎక్కడ పెట్టారు? అంట్లు తోమిన నీళ్లు, ఇంకా ఆ రెండో డబ్బా, అదే టాయిలెట్‌ది, ఎక్కడ ఖాళీ చేశారు? రెండు పేజీల వ్యాసంలో దీని ఊసే లేదు.

నాది బెంగళూరు పీణ్యలో చిన్న మెషిన్ షాపు. మిగతా నలుగురిలో ఒకాయనది కడప, ఒకాయనది ఖమ్మం, ఒకాయనది గుంటూరు, నాలుగోవాడు మా బావమరిది, వాణ్ని మిత్రుడనాలో బంధువనాలో పాతికేళ్లయినా తేలలేదు. అందరికీ నలభై దాటాయి, అందరికీ బండ్ల పిచ్చి. అందుకని దారిలో కొండలూ జలపాతాలే కాకుండా కార్ల మ్యూజియాలు కూడా ఉండాలని ముందే ఒప్పందం చేసుకున్నాం. బండి అద్దెకి తీసుకున్నాం. టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకేసి మంచాలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, టాయిలెట్ పెట్టిన రకం. డ్రైవరు బండితో పాటే వస్తాడు. ముళబాగిలు మనిషి, తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు, తమిళనాడులో అడుగుపెట్టగానే మూడో భాష కూడా కలిపేస్తాడు.

అద్దెకిచ్చిన వాళ్లు బయల్దేరే ముందు ఒక అరగంట క్లాసు పీకారు. వంద లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, వాడిన నీళ్లకి ఇంకో ట్యాంకు, టాయిలెట్ కింద పక్కనుంచి లాగితే బయటికొచ్చే ఇరవై లీటర్ల డబ్బా, దాన్లో పోయాల్సిన నీలం మందు. బండి లోపల వాడుకునే కరెంటుకి ఇంజన్ బ్యాటరీ కాకుండా వేరే రెండు బ్యాటరీలు. ఏసీ కూడా ఉంది కదా అని మా బావమరిది సంబరపడ్డాడు. నేను లెక్క వేశాను: వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు కలిపి నిండుగా ఉన్నా రెండు యూనిట్ల చిల్లర, ఒక టన్ను ఏసీ గంటకి ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుంది, అంటే రాత్రి పదింటికి ఏసీ వేసుకుని పడుకుంటే పన్నెండింటికల్లా లేచి కూర్చోవాలి. బయటి నుంచి కరెంటు తీసుకోడానికి వైరు ఇచ్చారు, పదిహేను మీటర్లది, చుట్ట చుట్టి. అది ఎక్కడ పెట్టాలని అడిగితే "ఎక్కడైనా ప్లగ్ ఉంటుంది సార్" అన్నారు. ఆ డబ్బా ఎక్కడ ఖాళీ చేయాలంటే కూడా అదే జవాబు, "ఎక్కడైనా చేసుకోవచ్చు సార్". ఆ "ఎక్కడైనా" అన్న మాట ఐదు రోజులు మాతోనే ప్రయాణం చేసింది.

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద మొదటి వంద కిలోమీటర్లు హాయిగా సాగాయి. శ్రీరంగపట్నం దగ్గర ధర్మస్థల వాళ్లు పెట్టిన 'పయణ' కార్ల మ్యూజియం చూశాం. (కన్నడంలో పయణ, మనకి పయనం, బోర్డు చదవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.) పాత బండ్లంటే ఇష్టమున్న వాళ్లు గంటన్నర కేటాయించుకోండి, మేం మూడు గంటలు ఉన్నాం, అదే కొంప ముంచింది. ఎందుకంటే బండీపూర్ అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రోడ్డు మూసేస్తారు. 2009 నుంచీ ఉన్న నియమమే, రాత్రిళ్లు జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టింది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మేమే మైసూరులో టిఫిన్ అనీ కాఫీ అనీ ఆలస్యం చేసి తొమ్మిది దాటాక గుండ్లుపేట చేరాం. సరేలే, మన ఇల్లు మన వెంటే ఉంది కదా, పడుకుందాం అనుకున్నాం.

పెట్రోల్ బంకులో ఆపితే, డీజిల్ కొట్టించుకున్నంత సేపు బంకు ఆయన బాగానే ఉన్నాడు, రాత్రంతా అనేసరికి కుదరదన్నాడు. తప్పేం లేదు, ఐదుగురు మగవాళ్లు కర్టెన్లు వేసిన బండిలో పడుకుంటామంటే ఎవరికైనా అనుమానమే. ఒక కల్యాణ మంటపం వాచ్‌మన్ ఓనరుకి ఫోన్ చేశాడు, ఓనరు ఎత్తలేదు. చివరికి రోడ్డు పక్కన టీ కొట్టు మూసేస్తున్న పెద్దాయన, వెనక తనదే కొబ్బరి తోట ఉంది, లోపల పెట్టుకోండి అన్నాడు. అద్దె ఎంత అని అడిగితే నవ్వేసి, బండి కిందికి వంగి, ట్యాంకు గొట్టం చూసి, "ఈ నీళ్లు సబ్బు నీళ్లేనా, ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. అంట్లు తోమినవీ ముఖాలు కడుక్కున్నవీ అని మా డ్రైవరు చెప్పాక, ఉదయం పోయేటప్పుడు ఇదిగో ఈ అరటి గుబురు మొదట్లో వదలండి అన్నాడు. మన పెరళ్లలో తూము నీళ్లు అరటిచెట్టుకే కదా పోయేవి! ఆ రెండో డబ్బా సంగతి మాత్రం ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. అది మూత బిగించుకుని మాతోనే ఊటీ ఎక్కింది.

తెల్లవారుజామున ఐదున్నరకే గేటు దగ్గర వరస కట్టి ఉన్నాయి బండ్లు. ఆరుకి వదిలారు. 1973లో పులుల సంరక్షణకి మొదట ఎంచుకున్న తొమ్మిది అడవుల్లో బండీపూర్ ఒకటి, ఆ పొద్దు వెలుగులో దాన్ని చూడటానికైనా గుండ్లుపేటలో ఒక రాత్రి ఆగిపోవచ్చు. పులి కనబడలేదు. జింకలు మందలు మందలుగా, ఒక ఏనుగు రోడ్డుకి ఇరవై అడుగుల దూరంలో వెదురు విరుచుకుంటూ మా వంక చూడను కూడా చూడలేదు. ఖమ్మం ఆయన ఇక్కడ బండి ఆపి కాఫీ కలుపుకుందాం, ఎంత బాగుంటుందో అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి ఒక చూపు చూశాడు. "అన్నా, ఇక్కడ నిలిపితే ఫారెస్టు వాళ్లు ఫైన్ రాస్తారు. వాళ్లు రాకముందే అది వస్తాది" అన్నాడు, ఏనుగు వైపు గడ్డం చూపిస్తూ. ఇంకెవరూ కాఫీ మాట ఎత్తలేదు.

మాసినగుడి నుంచి కల్హట్టి మీదుగా దగ్గర దారి ఉంది, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఇంత పొడుగు బండితో ఆ దారి పట్టనని డ్రైవరు ముందే చెప్పేశాడు, గూడలూరు మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. నీలగిరికి 2024 మే నుంచి ఈ-పాస్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, మేం తీసుకున్నాం, చెక్‌పోస్టులో అది చూసి, తర్వాత ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఉన్నాయా అని బండంతా వెతికారు. మా దగ్గర ఏడున్నాయి, తీసేసుకున్నారు. మంచి పని. కానీ అంత శ్రద్ధగా బాటిళ్లు లెక్కపెట్టిన ఆ కుర్రాడు, టాయిలెట్ తలుపు తీసి చూసి మూసేశాడే గాని, దీన్ని ఎక్కడ పారబోస్తారు అని అడగలేదు. అడిగుంటే మేమూ ఎదురు అడిగేవాళ్లం, ఎక్కడ పోయమంటారు స్వామీ అని.

ఊటీలో ఒక చిన్న హోమ్‌స్టే వాళ్లు వాకిట్లో బండి పెట్టుకోనిచ్చి, ప్లగ్‌కి, బాత్రూముకి కలిపి ఒక గది అద్దెలో సగం తీసుకున్నారు. డబ్బా వాళ్ల టాయిలెట్‌లో వంచుకోనిచ్చారు, అది మూడో బేరం, విడిగా. ఇచ్చాం. అంత ఆనందంగా నేను జీవితంలో ఇంకెప్పుడూ డబ్బులివ్వలేదు.

ఊటీ రాత్రి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కేరవాన్ కొనుక్కుందామనుకునే వాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. 2,200 మీటర్లు దాటిన ఎత్తు, జనవరి చలి, తలుపులూ కిటికీలూ బిగించుకుని ఆరుగురం పడుకున్నాం. అంతకుముందు లోపలే పప్పు వండాం. ఆ ఎత్తులో నీళ్లు తొంభై రెండు తొంభై మూడు డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ తేకుండా గిన్నెలో కందిపప్పు పెట్టిన మా బావమరిది గంటంబావు గరిటె తిప్పాడు, పప్పు పలుకు పలుకుగానే ఉంది, బండి నిండా మాత్రం ఆవిరి. అర్ధరాత్రి దాటాక నా నుదుటి మీద చుక్క పడింది. ఫోన్ లైటు వేసి చూస్తే పైకప్పు రేకంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు, మా ఊపిరీ మా పప్పు ఆవిరీ చల్లటి రేకుకి తగిలి నీళ్లయి, బండి ఏటవాలుగా ఉండటంతో అన్నీ జారి సరిగ్గా నా మంచం మీద ఉన్న మేకు దగ్గరికి చేరి అక్కణ్నుంచి రాలుతున్నాయి. కిటికీ ఒక వేలెడు తెరిస్తే చుక్కలు ఆగాయి, చలి మొదలైంది. తెల్లవారి బయట గడ్డి మీద మంచు తెల్లగా ఉప్పు చల్లినట్టు గడ్డకట్టి ఉంది. గుంటూరాయన చెప్పులతో దాని మీద నడిచి కరకరమని చప్పుడు వస్తోందని మమ్మల్నందర్నీ లేపాడు. అది మాత్రం ఏ హోటల్ గదిలో పడుకున్నా దొరికేది కాదు, ఒప్పుకుంటాను.

కూనూరులో రైలు చూశాం. 1899లో మేట్టుపాళయం నుంచి ఇక్కడిదాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను, పన్నెండు అడుగులకి ఒక అడుగు ఎక్కుతుంది, మామూలు చక్రం జారిపోతుంది కాబట్టి పట్టాల మధ్య పళ్ల పట్టీ, ఇంజన్ కింద పళ్ల చక్రం. మెషిన్ షాపు వాణ్ని, నాకు ఆ పళ్లు చూస్తుంటే కాళ్లు కదల్లేదు. మిత్రులు టీకి వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి వాళ్లు టీ కొట్టు ముందు ఆగి ఉన్న ఒక అంబాసిడర్ టాక్సీ చుట్టూ మూగి ఉన్నారు. మ్యూజియంలో లక్షల ఖరీదు చేసే విదేశీ బండ్లని తాడు అవతల నుంచి చూసిన మనుషులు ఇక్కడ తలుపు తీయించుకుని లోపల కూర్చున్నారు. గుంటూరాయన వాళ్ల నాన్న గుంటూరు బస్టాండు దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఈయన డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమకాలు తిన్నగా క్లచ్ పక్కన నేల మీద ఉన్న గుండీ మీదికి పోనిచ్చి టక్కున నొక్కాడు, అది హెడ్‌లైటు డిమ్ము-డిప్పు స్విచ్చి. "చిన్నప్పుడు నాన్న వళ్లో కూర్చుంటే నాకిచ్చిన పని ఇదే, ఎదురు బండి వస్తే నొక్కటం" అన్నాడు. ఇంకా రెండుసార్లు నొక్కాడు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఆ టాక్సీ ఆయన ఇంకో పదేళ్లు నడుపుతానంటున్నాడు.

కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం చూడకుండా ఎవరూ రాకండి. అవినాశి రోడ్డు మీద, ఆ రోడ్డు పైన పది కిలోమీటర్ల కొత్త ఫ్లైఓవరుకి కూడా జి.డి. నాయుడు పేరే పెట్టారు. మన తెలుగు వాళ్లలో ఎంతమందికి ఈయన తెలుసో నాకు అనుమానమే. కోయంబత్తూరు పక్క కలంగల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893లో పుట్టారు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్ సైకిల్ కొని, నడపడానికి కాదు, విప్పి చూడటానికి కొన్నారని చెబుతారు. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల కంపెనీ చేశారు. 1937లో ఈ దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు వెనక ఉన్నదీ ఆయనే. కోయంబత్తూరు మోటార్ల ఊరు కావడానికి పునాది అక్కడుంది.

మ్యూజియంలో ఫోర్డ్ మోడల్ టి ముందు కడపాయన, నేను పందెం వేసుకున్నాం. మూడు పెడళ్లున్నాయి, కుడి కాలిది యాక్సిలరేటర్ అన్నాడాయన. కాదు, కుడిది బ్రేకు, మధ్యది రివర్సు, ఎడమది గేర్లకి, యాక్సిలరేటర్ స్టీరింగు కింద చేతి మీటలో ఉంటుంది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర అమ్ముడుపోయిన కారు, ఇవాళ దాన్ని మనలో ఒక్కడు పదడుగులు నడపలేడు. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నమూనా. దాని కథ చాలామంది వినే ఉంటారు. బెంజ్ గారి భార్య బెర్తా 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి వంద కిలోమీటర్లు దాటి నడుపుకుంటూ పుట్టింటికి వెళ్లింది. దారిలో పెట్రోల్ అయిపోతే బంకు ఎక్కడిది, అసలు లోకంలో బంకే లేదు, వీస్‌లాఖ్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి బట్టల మరకలు పోగొట్టడానికి అమ్మే ద్రావకం కొని ట్యాంకులో పోసింది. గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బండి ముందు వచ్చింది, బంకు తర్వాత వచ్చింది. "అంటే మనం బెర్తమ్మ కాలంలో ఉన్నామన్నమాట, మన మందుల షాపు ఇంకా దొరకలేదు" అన్నాడు ఖమ్మం ఆయన.

ఆ రాత్రికి సేలం దాటి తొప్పూరు ఘాట్ ఎక్కి ధర్మపురికి ఇవతల లారీలు ఆగే ఒక ధాబా వెనక ఆపాం. ఇది డ్రైవరు ఎంపిక. మేం మొదట ముఖాలు చిట్లించుకున్నాం, నిజం చెప్పాలి కదా. ఐదు రోజుల్లో సుఖంగా నిద్రపోయిన రాత్రి అదే. నీళ్ల తొట్టి ఉంది, లైటు ఉంది, కాపలా ఉంది, తిన్నదానికి డబ్బులిస్తే చాలు. పక్కన చిలకలూరిపేట లారీ, గుంటూరు మిర్చి దించేసి ఖాళీగా తిరిగి వెళుతోంది. దాని డ్రైవరు మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది ఇల్లా, బండా?" అని అడిగాడు. రెండూ అన్నాం. ఆయన తన లారీ పక్కన బిగించిన రేకు పెట్టె మూత దించాడు, దించిన మూతే వంటబల్ల, లోపల స్టౌ, రెండు గిన్నెలు, ఉప్పు కారం డబ్బాలు, గోడకి తగిలించిన గరిటె. క్యాబిన్‌లో వెనక పడక, దేవుడి పటం, దోమల బ్యాటు. లారీ కింద నీళ్ల డ్రమ్ము, దానికి కుళాయి. "మాదీ అదే మరి" అన్నాడు. టాయిలెట్ ఎలా అని మా బావమరిది అడిగాడు. ఆయన చీకటి వైపు చెయ్యి ఊపాడు.

మా డ్రైవరు అప్పుడు అన్నమాట ఈ ఉత్తరానికి అసలు కారణం. నేను పేపరుకి రాస్తానంటుంటే విని, "సార్, లారీ వాళ్లు మా తాత కాలం నుంచి ఇట్లనే బతుకుతా ఉండారు. ఎవురూ రాయలే. మీరు ఐదు దినాలకే రాస్తారా?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. నాకు సమాధానం దొరకలేదు.

అందుకే నేను కేరవాన్ పార్కులు కట్టండి అని అడగటం లేదు. కేరళ 2021లో కేరవాన్ విధానం ప్రకటించి మరుసటి ఏడాదే వాగమన్‌లో పార్కు తెరిచింది, బాగుంది, కానీ అలాంటివి కొండ మీద ఒకటి, సముద్రం ఒడ్డున ఒకటి ఉంటాయి, వాటికి చేరే దారిలో మూడు రాత్రులు ఎక్కడ ఉండాలి? నేను అడిగేది చాలా చిన్నది. ఊరి చివర ఆర్టీసీ డిపో ఉంటుంది, మార్కెట్ యార్డు ఉంటుంది, వాటి ఆవరణలో ఒక మూల నాలుగు బండ్లు పట్టే గచ్చు, ఒక కుళాయి, మీటరు పెట్టిన పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, సెప్టిక్ ట్యాంకుకి కలిపి మూత పెట్టిన ఒక తూము, రెండు బాత్రూములు. మనిషికింత, బండికింత అని బోర్డు కట్టి డబ్బులు తీసుకోండి. లారీ వాళ్లకి అందులో స్నానం, టాయిలెట్ ఊరికే ఇవ్వండి. ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు, మదురైని పాలించిన మన రాణి మంగమ్మ మూడు వందల ఏళ్ల కిందటే దారి వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. ఎడ్లబండి వాడు అప్పుడు ఎక్కడ ఆగాలో తెలుసుకుని బయల్దేరేవాడు. మాకు ఆ పాటి తెలిస్తే చాలు.

ముఖ్యంగా రాయలసీమ గురించి చెబుతున్నాను. మా తర్వాతి ప్రయాణం లేపాక్షి, గండికోట, బెలుం గుహలు అనుకున్నాం, కడపాయన పట్టు. బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు, గండికోటలో పెన్నానది కొండని చీల్చిన లోయ మీద సూర్యోదయం చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. బెంగళూరు నుంచి ఐదారు గంటల దారి, మా అపార్ట్‌మెంటులోనే ఈ మాట వినగానే మేమూ వస్తామన్న వాళ్లు ఎనిమిది మంది. వచ్చే వాళ్లు వచ్చేస్తారు, బండ్లు అద్దెకిచ్చే వాళ్లు నెలకొకరు పుట్టుకొస్తున్నారు. డబ్బాలు మాత్రం ఎక్కడో ఒకచోట ఖాళీ కావాలి. లోయలోకి కాకూడదు కదా.

హొగెనకల్ గురించి రాయడానికి చోటు లేకుండా చేసుకున్నాను. కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. కావేరి ఆ నల్లరాళ్ల మీద పడి లేపే తుంపర నిజంగా పొగే. పుట్టిలో తిరిగాం, తమిళంలో పరిసల్ అంటారు, నడిపే ఆయన నీళ్ల మధ్యలో దాన్ని గిర్రున బొంగరంలా తిప్పితే కడపాయన దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలిచాడు. ఒడ్డున అప్పటికప్పుడు వేయించిచ్చిన చేపలు తిన్నాం. బాగుంది, అంతే.

హోసూరు మీదుగా ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. ఉదయం ఏడింటికి బండి తిరిగి అప్పగించాలి, డబ్బా ఖాళీగా కడిగి ఇవ్వకపోతే జరిమానా అని కాగితంలో రాసుంది. మిత్రులు నలుగురూ బ్యాగులు తీసుకుని మహా వేగంగా మాయమయ్యారు. మాది ఏడో అంతస్తు. లిఫ్టులో తీసుకెళదామంటే మా ఆవిడ ఫోన్లోనే వద్దంది. కింద సెక్యూరిటీ వాళ్ల టాయిలెట్ ఉంది, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాణ్ని బతిమాలితే ఒప్పుకున్నాడు గాని, రూలు ప్రకారం రిజిస్టరులో రాయాలన్నాడు. బండి నంబరు, టైము రాసి, "వచ్చిన పని" అన్న గడి దగ్గర పెన్ను ఆపి నా ముఖం వంక చూశాడు. నేనూ డ్రైవరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కాసేపు ఆలోచించి ఆ కుర్రాడే "డెలివరీ" అని రాసుకున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
జాలహళ్లి, బెంగళూరు